భేడియా నుంచి నడిచే శవాల దాకా: ధీరజ్ వర్మ గీత

హిందీ కామిక్స్ చదివి పెరిగిన ఉత్తరాది పాఠకులకు 'భేడియా' అంటే తోడేలు మాత్రమే కాదు, సగం మనిషి, సగం తోడేలు అయిన కథానాయకుడు కూడా. అతని నివాసం అస్సాం అడవులు, ఆయుధం గద. ఆ రూపాన్ని పాఠకుల మనసులో నిలిపిన చిత్రకారుడు ధీరజ్ వర్మ.

భేడియా కథలను ప్రచురించింది రాజ్ కామిక్స్. 1980లలో రాజ్‌కుమార్ గుప్తా ప్రారంభించిన ఈ సంస్థ ఢిల్లీలోని బురాడీ చిరునామాతో దేశమంతటా తెలిసింది. నాగరాజ్, అనుపమ్ సిన్హా సృష్టించిన సూపర్ కమాండో ధ్రువ, డోగా అక్కడి నుంచి వచ్చినవారే. 'థ్రిల్ హారర్ సస్పెన్స్' పేరుతో భయానక కథలకు ప్రత్యేకంగా ఒక వరుసే ఉండేది. చవక కాగితం మీద అచ్చయ్యే ఈ పుస్తకాలను పిల్లలు రోజు అద్దెకు తెచ్చుకుని చదివేవారు.

అలాంటి కాగితం మీద రంగుల సొగసు అంతగా నిలవదు. భారమంతా గీతదే. భేడియా బొమ్మలో కండరాలు మనిషివి, తల తోడేలుది. ఈ రెండూ ఒకే శరీరంలో అతికినట్టు కనిపించకూడదు. మృగాన్ని చూస్తున్నా లోపలి మనిషి తెలియాలి. వర్మ బలం అక్కడే ఉంది.

ఆ బలమే ఆయనను అమెరికా కామిక్స్‌లోకి తీసుకెళ్లింది. జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' నేటి జాంబీ సినిమాలకు మూలం. దాని సహ రచయిత జాన్ రుస్సో తర్వాత రాసిన 'ఎస్కేప్ ఆఫ్ ది లివింగ్ డెడ్' కామిక్స్‌ను అవతార్ ప్రెస్ 2005 నుంచి ప్రచురించింది. బొమ్మలు ధీరజ్ వర్మవి.

శవాన్ని భుజాన మోసే విక్రమార్కుడిని శంకర్ బొమ్మల్లో చూసిన చందమామ పాఠకులకు ఈ లోకం మరీ కొత్త కాదు. అయితే మన భేతాళుడు శవంలో ఉండి కథ చెబుతాడు, చిక్కు ప్రశ్న వేస్తాడు. జాంబీకి మాట లేదు. అది ఒకప్పుడు ఎవరో ఒక మనిషి అన్న సంగతి బొమ్మే చెప్పాలి. భేడియా గీసిన చేతికి ఇది అలవాటైన పనే.

2021లో 'బ్లూ ఇన్ గ్రీన్' అనే హారర్ గ్రాఫిక్ నవలకు ముంబై చిత్రకారుడు ఆనంద్ రాధాకృష్ణన్, జాన్ పియర్సన్‌తో కలిసి ఐస్నర్ అవార్డు అందుకున్నారు. భారతీయ చిత్రకారుల పేర్లు ఇప్పుడు బయటి ప్రపంచానికి తెలుస్తున్నాయి. అద్దె పుస్తకాల కాలంలో పిల్లలకు గుర్తుండేది నాయకుడి పేరే. గీసినవారి పేరు చూసేవారు తక్కువ. భేడియా కథనూ అమెరికా జాంబీ కథనూ పక్కపక్కన పెట్టి చూస్తే, బురాడీ పుస్తకాల్లో సాగిన సాధన ఎంత దూరం వెళ్లిందో అర్థమవుతుంది.