బడి భోజనంలో తల్లిదండ్రుల పాత్ర: చారిత్రక పరిణామం

రేణిగుంటలో అరక్కోణం వైపు వెళ్ళే రైలెక్కితే పుత్తూరు దాటాక తిరుత్తణి వస్తుంది. 1960 వరకు అది మన చిత్తూరు జిల్లాలోనిదే. సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. కామరాజ్ 1956లో మొదలుపెట్టి, ఎం.జి.ఆర్. 1982లో విస్తరించిన బడి భోజనం ఆ విధంగా తిరుత్తణి పిల్లలకు అందుబాటులోకి వచ్చింది. రేణిగుంట పిల్లలు చాలాకాలం ఆగవలసి వచ్చింది. 1995 నాటి కేంద్ర పథకం నెలకు 3 కిలోల ధాన్యంతో సరిపెట్టింది. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించాక, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో అది అమలైంది.

ఇంతకన్నా పాత ఉదాహరణ ఒకటుంది. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా ఉన్న మద్రాసు నగరపాలక సంస్థ, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు ఆహారం పెట్టాలని తీర్మానించింది. ఖర్చు తలకు రోజుకు ఒక అణాకు మించరాదు. పెట్టాలన్నదీ, ఎంత పెట్టాలన్నదీ సభ్యులే నిర్ణయించారు. తల్లిదండ్రులకు నిర్ణయంలో చోటు లేదు.

ఆ చోటు మన రాష్ట్రంలో 1998 చట్టంతో వచ్చింది. బడికొక విద్యా కమిటీ ఏర్పడి, తల్లిదండ్రులు ఎన్నికలో ఓటు వేశారు. 2009 విద్యాహక్కు చట్టం మరింత ముందుకు వెళ్ళింది. యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి.

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో విషం కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. 2015 నాటి నిబంధనల ప్రకారం వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలి. వారిలో కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. పర్యవేక్షణ యాజమాన్య కమిటీది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీను అందాలి. అంటే పప్పు నీళ్ళగా ఉందని అడగడం తల్లి చేసే ఫిర్యాదు మాత్రమే కాదు, చట్టం ఆమెకు అప్పగించిన పని.

ఆచరణలో చాలా కమిటీలు సంతకాలకే పరిమితమయ్యాయన్నది నా అభిప్రాయం. కూలిపని మానుకుని మధ్యాహ్నం బడికి వచ్చే తల్లికి ఆ పూట కూలి పోతుంది. చట్టం రాసినవారు ఈ లెక్క వేయలేదు.

మీలో చాలామంది తల్లిదండ్రులే. మీ పిల్లల బడిలో కమిటీ తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. భోజనం ప్రస్తావన ఎన్ని సమావేశాల్లో వచ్చిందో, ఎవరు లేవనెత్తారో రాసుకుని తరువాతి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.