తెడ్డు పట్టిన పిల్ల

తెడ్డు అనగానే మన ఆడవాళ్ళకు గుండిగలో పులిహోర కలిపే కొయ్యతెడ్డే గుర్తొస్తుంది. పడవవాడి చేతిలోదీ తెడ్డే! ఆ రెండో తెడ్డు ఆడపిల్ల చేతికి ఎప్పుడైనా ఇచ్చామా?

హవాయి దీవుల్లో, వైకీకీ తీరాన, 1950ల ప్రాంతంలో సర్ఫింగు నేర్పే కుర్రాళ్ళు పలకమీద నిలబడి, పడవతెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ తిరిగేవారు. ఆ సరదాయే ముదిరి పందెమైంది. పేరు స్టాండప్ పాడిల్. 2012లో పెరూలో దానికి ప్రపంచ పోటీలు కూడా మొదలయ్యాయి.

చూడ్డానికి సులువే. 12, 14 అడుగుల పలక, ఒక్కటే తెడ్డు. ఒకవైపే వేస్తే పలక పక్కకు తిరిగిపోతుంది. అందుకని వైపులు మారుస్తూ, అల వచ్చినప్పుడల్లా మోకాళ్ళు కాస్త వంచి నిలదొక్కుకోవాలి. ఆగామా, మునిగామే!

2016 నవంబరులో ఫిజీలో జరిగిన ప్రపంచ పోటీల్లో మన దేశం తరఫున తెడ్డు పట్టింది తన్వీ జగదీశ్. మంగుళూరు దగ్గర మూల్కీ పిల్ల. అప్పటికింకా ఇరవై నిండలేదు. అక్కడ పతకం రాలేదు. అయితేనేం, ఇంట్లో కూర్చోలేదు. 2017 ఏప్రిల్లో అమెరికా వెళ్ళి, కరోలినా కప్పు పోటీల్లో మూడో స్థానం తెచ్చుకుంది. మధ్యలో గడిచింది అయిదు నెలలే!

నా చిన్నప్పుడు భీమిలి వెళితే పాదాలు తడవనిచ్చేది అమ్మ, అంతే. చెయ్యి మాత్రం వదిలేది కాదు. ప్రేమే, కాదనను. కాని ఆ ప్రేమతోనే ఎంతమందిమి ఒడ్డున ఉండిపోయామో!

మొన్న మా అమ్మాయి, "ఈత నేర్చుకుంటానమ్మా" అంది. నోటిదాకా వచ్చిన "వద్దు"ను మింగేశాను.