అనుకోని పుంజు

బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో పనిచేయుచున్న మన బంధువొకరు పెట్టలని నమ్మి కోడిపిల్లలను కొని పెంచగా, నాలుగైదు నెలలకు ఒకటి కూసినదట. రాత్రిపని చేసి వచ్చినవారు పక్కనే నిద్రించు చోటు. ఉంచవలెనా, కోయవలెనా అని అడిగినారు.

మన పూర్వులకు ఈ ప్రశ్నే లేదు. 19వ శతాబ్దమున కోరంగి రేవు నుండి మారిషస్ చెరకు తోటలకు వచ్చిన తరము వారిది. గంపలో పెట్ట 21 దినములు పొదిగితే పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే. జుట్టు ఎర్రబడువరకు ఏది ఏదో ఎవరికి తెలియును? మందకొకటి, అమ్మవారికొకటి, అల్లుడు వస్తే ఒకటి. పందెపు పుంజులకైతే డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పేర్లు. పల్నాటి కథలో మాచర్లవారు రాజ్యము విడిచి అడవికి పోయినది పుంజు ఓడినందుకే గదా!

1920ల్లో జపానులో మసుయి మొదలగు శాస్త్రజ్ఞులు పుట్టిననాడే పుంజు పిల్లను గుర్తించు పద్ధతి కనిపెట్టిరి. గుడ్ల జాతులలో పుంజు పిల్లలను ఆనాడే చంపుట అటుపై పెద్ద హేచరీలకు మామూలైనది. జర్మనీ దీనిని 2022లో నిషేధించినది. పెట్టల పేర కొన్నవాటిలో పుంజు తేలినదంటే, ఆ ఏరివేతలో కన్నుగప్పి బ్రతికినదన్నమాట.

గుడ్లకు పుంజు అక్కరలేదు, నిజమే. పిల్లలకు కావలెను. ఎనిమిది పది పెట్టలకు ఒకటి చాలును. గింజ కనబడితే తాను తినక పెట్టలను పిలుచునది, గద్ద నీడ పడగానే ముందు అరచునది అదే.