ఆసనం, అంతరం: యుద్ధకాల మిత్రుల ఛాయాచిత్రాలలో హైదరాబాదు నిజాం

వ్యాససంగ్రహం:
మిత్రపక్షాల అధినేతల ఛాయాచిత్రాలలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, మధ్యస్థానం ఎవరిది అన్నవి వారి అధికార సంబంధాలను తెలుపుతాయి. 1945 నాటి యాల్టా చిత్రాన్ని ప్రాతిపదికగా తీసుకొని, బ్రిటిష్ ప్రభుత్వానికి ‘విశ్వాసపాత్ర మిత్రుడు’ అనిపించుకున్న హైదరాబాదు నిజాం విషయంలో ఆసనమర్యాద ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆసనం, ఛాయాచిత్రం, దర్బారు, నిజాం, యాల్టా, రెసిడెంటు.

1. ఉపోద్ఘాతం

1945 ఫిబ్రవరిలో క్రిమియాలోని లివాడియా ప్రాసాదంలో తీసిన ఛాయాచిత్రంలో చర్చిల్, రూజ్వెల్ట్, స్టాలిన్ ఒకే వరుసలో కూర్చున్నారు. సేనానులు, దౌత్యాధికారులు వెనుక నిలబడ్డారు. మధ్య ఆసనం రూజ్వెల్ట్‌ది. ముగ్గురిలో దేశాధినేత ఆయనొక్కరే. తక్కిన ఇద్దరూ ప్రభుత్వాధినేతలు. 1943 నాటి టెహరాన్ చిత్రంలోనూ మధ్యస్థానం ఆయనదే. పోలియో కారణంగా రూజ్వెల్ట్ ఊతం లేకుండా నిలబడలేరు. ముగ్గురూ కూర్చోవడం వల్ల ఆ అశక్తత చిత్రంలో కనిపించదు. ఆసనం హోదాను చూపడంతోపాటు బలహీనతను కప్పిపుచ్చగలదని ఈ చిత్రం తెలుపుతుంది.

2. తివాచీ నుంచి కుర్చీకి

హైదరాబాదులో ఆసనవివాదం ఛాయాచిత్రం కంటే పాతది. 1798 నాటి సైన్యసహకార ఒప్పందంతో నిజాం ఈస్టిండియా కంపెనీకి మిత్రుడయ్యాడు. 1857 తిరుగుబాటు కాలంలోనూ హైదరాబాదు కంపెనీ పక్షానే నిలిచింది. అయినా నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు పాదరక్షలు విడిచి, నేలమీదే కూర్చోవలసి వచ్చేది. 1869లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మూడేళ్ళయినా నిండని పసివాడుగా గద్దెనెక్కినప్పుడు రెసిడెంటు సాండర్స్ ఈ ఆచారాన్ని మార్పించాడు. అప్పటినుంచి రెసిడెంటు బూట్లతోనే ప్రవేశించి కుర్చీలో కూర్చున్నాడు. పాలకుడు పసివాడై ఉన్న సమయంలో ఈ మార్పు జరగడం గమనించదగినది.

3. కెమెరా ముందు మైత్రి

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్. 1902 ఏప్రిల్‌లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ శిబిరం వద్ద ఆయన తీసిన చిత్రంలో వైస్రాయ్ కర్జన్ దంపతులు వేటాడిన పులితో కనిపిస్తారు. అడవి నిజాం రాజ్యంలోనిది, ఛాయాగ్రాహకుడు నిజాం కొలువులోనివాడు; చిత్రంలో మాత్రం నిజాం లేడు. అదే ఏడాది నవంబరులో బెరారును బ్రిటిష్ వారికి శాశ్వత కౌలుకిచ్చే ఒప్పందం కుదిరింది.

1911 ఢిల్లీ దర్బారులో ఐదవ జార్జి సింహాసనంపై ఆసీనుడు కాగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సంస్థానాధీశులందరికంటే ముందుగా వచ్చి వందనం చేశాడు. ప్రథమస్థానం దక్కినా అది నిలబడి నమస్కరించేవారిలో ప్రథమస్థానమే. మొదటి ప్రపంచయుద్ధంలో చేసిన సహాయానికి 1918లో ఆయనకు ‘విశ్వాసపాత్ర మిత్రుడు’ బిరుదు లభించింది. ఆయన ధనసహాయానికి గుర్తుగా బ్రిటిష్ వైమానికదళంలోని 110వ స్క్వాడ్రన్‌కు, రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు పెట్టారు. విమానాలకు ఆ పేరు దక్కినా, యుద్ధనేతల వరుసలో ఆ మిత్రునికి కుర్చీ లేదు.

4. బేగంపేట, 1949

1948 సెప్టెంబరు 18న హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ బేగంపేట విమానాశ్రయంలో దిగినప్పుడు నిజాం చేతులు జోడించి స్వాగతం పలికాడు. ఈ ఛాయాచిత్రం తరచుగా లొంగుబాటు చిత్రంగా చలామణి అవుతుంది. వాస్తవానికి లొంగుబాటుకు, దీనికి మధ్య ఐదు నెలల వ్యవధి ఉంది. 1950 జనవరి 26న అదే నిజాం రాజప్రముఖుడయ్యాడు. అధికారం పోయినా రాష్ట్రంలో ప్రథమాసనం మళ్ళీ ఆయనకే దక్కింది. మెదక్ జిల్లాలోని నిజాంపేట వంటి ఊరిపేర్లలో ‘నిజాం’ నేటికీ నిలిచి ఉంది. ఆ పేరు వినగానే ఎందరికో గుర్తుకు వచ్చేది బేగంపేట చిత్రమే.

5. ముగింపు

1. యాల్టాలో సమాన ఆసనాలు సార్వభౌమ రాజ్యాల మైత్రికి గుర్తు. హైదరాబాదు విషయంలో ‘మిత్రుడు’ అన్న మాట ఆసనాల అంతరాన్ని కప్పిపుచ్చింది.

2. చిత్రంలో లేనివారి స్థానం, ఉన్నవారి స్థానంతో సమానంగా పరిశీలించదగినది.

3. తేదీని, నాటి హోదాలను విస్మరించి ఒక్క భంగిమ ఆధారంగా చరిత్రను నిర్ణయించడం సరికాదు. బేగంపేట చిత్రాన్ని 1948 లొంగుబాటుకు, 1950 నాటి పదవికి నడుమ ఉంచి చూసినప్పుడే దాని అర్థం స్పష్టమవుతుంది.