బొంబాయిలో మనవారి గది

కామాటిపురం పేరెత్తుటకు నేడు మనలో సంకోచించేవారున్నారు. ఆ సంకోచం అనవసరం. కామాటి అనగా కూలిపని చేసుకొని బ్రదికేవాడు. 1784లో హారన్‌బీ కట్ట పూర్తియై సముద్రపు పోటు ఆగిన పిమ్మట బయటపడిన పల్లపు నేలలో, నైజాం ఇలాకానుండి వచ్చిన తెలుగు కూలీలు నివాసమేర్పరచుకొన్నారు. వారి పేరే ఆ పేటకు నిలిచినది.

1896లో ప్లేగు వచ్చినది. 1891లో 8 లక్షల 21 వేలున్న జనం 1901 నాటికి 7 లక్షల 76 వేలకు తగ్గినారు. ఇరుకు వాడలే రోగానికి మూలమని ప్రభుత్వం 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును స్థాపించినది. ట్రస్టువారు వెడల్పైన వీధులు వేసినారు, ఉత్తరాన దాదరు, మాతుంగా స్థలాలను తెరిచినారు. కాని పడగొట్టినన్ని ఇండ్లు బీదలకు కట్టలేదు. కూలివాడు పనికి నడిచిపోగల దూరంలోనే ఉండవలె గదా! ఇల్లు పోయినవాడు దాదరుకు పోలేదు, పక్క సందులో దూరినాడు. ఇరుకు తగ్గలేదు, చోటు మారినది, అంతే.

1920లో గవర్నరు లాయిడ్ దొర కాలాన డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు 50 వేల గదులు కట్టబూనినది. దూది బేలుకు రూపాయి చొప్పున పన్ను వేసి, సుమారు 16 వేలతో ఆపినది. వర్లీ, నాయగాం, డిలైల్ రోడ్డు, శివ్డీలలో 207 చాళ్లు. గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్డి ఉమ్మడి. అద్దె హెచ్చని, దూరమని తొలుత చాలా గదులు ఖాళీగా పడియున్నవి. తరువాత ఆ గదులకోసమే కాళ్లరుగ తిరగవలసివచ్చినది. మగ్గం విడిచి మిల్లులో చేరిన తెలంగాణపు పద్మశాలీలు ఎందరో ఇట్టి గదులలోనే కాపురాలు చేసినారు. ఊరినుండి బావమరది వచ్చినా, మేనల్లుడు వచ్చినా ఆ గదిలోనే పడక. రాత్రి పాళీవాడు లేచిపోతే పగటి పాళీవాని చాప పరచుకొనేది.

1947 అద్దె చట్టం 1940 సెప్టెంబరు నాటి అద్దెలను నిలిపివేసినది. ఉన్నవానికి అది వజ్రకవచమైనది. రాబోవువానికి మాత్రం తలుపు మూసినది: అద్దెకిచ్చుటకు కట్టేవారు తగ్గినారు, గది చేతులు మారవలెనంటే ‘పగిడీ’ సమర్పించవలసినదే. పాత ఇండ్లకు మరమ్మతు చేయించే యజమానులు అరుదైనారు.

1982 జనవరి సమ్మెతో మిల్లులు కుదేలైనవి. నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల మిల్లు నేల! 1991 నిబంధనల ప్రకారం అందులో మూడోవంతు నగరపు తోటలకు, మూడోవంతు ప్రజాగృహాలకు రావలె. 2001లో ఆ లెక్క ఖాళీ జాగాకే వర్తించునని మార్చినారు. 2006లో సుప్రీంకోర్టు సరేనన్నది. నేల కరువని నూరేండ్లుగా చెప్పిన నగరం, దొరికిన నేలను ఇట్లు పంచుకొన్నది. 2011 నాటికి జనం కోటి 24 లక్షలు.

వర్లీ చాళ్లలో 2025 ఆగస్టున మొదటి 556 కుటుంబాలకు 500 అడుగుల కొత్త ఇండ్ల తాళాలందినవి. మిగిలినవారి వంతు రావలసియున్నది. తాత పేరనున్న అద్దె రశీదులు ఏ ట్రంకుపెట్టెలోనో ఉంటే, పండుగ దులుపుడులో పారవేయవద్దని చాళ్ల సభ్యులకు మనవి.