ఆటిజం: తల్లిదండ్రుల సంఘాల ఆవిర్భావం

వైద్య చరిత్రను వైద్యుల పేర్లతో చెప్పడం ఆనవాయితీ. ఆటిజం విషయంలో ఆ పద్ధతి సగమే సరిపోతుంది. అమెరికాలో బాలల మానసిక వైద్యుడైన లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ చరిత్రను మొదలుపెడతారు. అయితే ఆ వ్యాసంలోని మొదటి బాలుడి గురించి చాలా సంగతులు అతని తండ్రి టైపు చేయించి పంపిన 33 పుటల లేఖలోనివే. తిండిపై ఆసక్తి లేకపోవడం, వస్తువులను గిరగిర తిప్పి ఆనందించడం, తన లోకంలో తాను ఉండిపోవడం వంటివన్నీ ముందుగా ఇంట్లోవారు గమనించినవే.

అలాంటి తల్లిదండ్రులే ఆ తరువాత నిందితులయ్యారు. వారు పిల్లలతో ముభావంగా ఉంటారని కానర్ కూడా రాశారు. తల్లి ప్రేమ కొరవడడమే కారణమన్న వాదం బలపడి, 'రిఫ్రిజిరేటర్ తల్లి' అనే మాట వాడుకలోకి వచ్చింది. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో తన గ్రంథంలో ఈ వాదాన్నే విస్తరించారు. దీని సామాజిక ఫలితాన్ని మీరు గమనించాలి. బిడ్డ స్థితికి తానే కారణమని వైద్యుడే చెప్పినప్పుడు, ఆ తల్లి తన కష్టాన్ని ఎవరితో చెప్పుకోగలదు? ఇరుగుపొరుగుతోనే కాదు, సొంత బంధువులతో చెప్పుకోవడం కూడా కష్టమే.

ఈ మౌనాన్ని ఛేదించినవారిలో బెర్నార్డ్ రిమ్లండ్ ఒకరు. ఆయన అమెరికా నౌకాదళంలో మనస్తత్వవేత్త, ఆటిజం ఉన్న బాలుడి తండ్రి. ఆటిజానికి మూలం జీవసంబంధమైనదని వాదిస్తూ 1964లో ఆయన ఒక గ్రంథం ప్రచురించారు. దాని చివర ఒక ప్రశ్నావళి చేర్చారు. తల్లిదండ్రులు దాన్ని పూర్తిచేసి, ఉత్తరాలతో సహా ఆయనకు పంపసాగారు. ఒకరికొకరు తెలియని కుటుంబాలు ఈ విధంగా దగ్గరయ్యాయి. 1965లో జాతీయ సంఘం ఏర్పడింది. బ్రిటన్‌లో అంతకుముందే, 1962లో తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు. వారిలో ఒకరైన లోర్నా వింగ్ అటు మానసిక వైద్యురాలు, ఇటు ఆటిజం ఉన్న కుమార్తెకు తల్లి. ఆ సంఘమే 1965లో లండన్‌లోని ఈలింగ్‌లో పాఠశాల తెరిచింది. 1969లో అమెరికా సంఘం సమావేశంలో కానర్ స్వయంగా తల్లిదండ్రులను ఆ నింద నుంచి విముక్తులను చేశారు.

అనుభవం పంచుకున్నంత మాత్రాన ప్రతి నమ్మకమూ నిజమైపోదు. రిమ్లండే తరువాతి కాలంలో టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న వాదాన్ని సమర్థించారు. పరిశోధనలు దాన్ని నిలబెట్టలేదు.

భారతదేశంలో ఈ క్రమం ఆలస్యంగా మొదలైంది. తెలుగు కుటుంబాలకు సికింద్రాబాద్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఉన్నా, దాని ప్రధాన పరిధి మేధో వైకల్యం. 1991లో ఢిల్లీలో, ఆటిజం ఉన్న బాలుడి తల్లి మెర్రీ బరువా 'యాక్షన్ ఫర్ ఆటిజం' ప్రారంభించారు. ఆ సంస్థ పత్రిక దూరప్రాంతాల కుటుంబాలను కలిపింది. అయినా 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. ఫలితంగా రాయితీ కావాలంటే బిడ్డకు మరో వైకల్యం పేరుతో ధ్రువపత్రం తీసుకోవలసి వచ్చేది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి చేర్చింది. తాము పోయాక బిడ్డకు దిక్కెవరన్నది ఈ తల్లిదండ్రులందరినీ వేధించే ప్రశ్న. ఆ చట్టం సంరక్షకుల నియామకానికి ఏర్పాటు చేసింది. వైకల్యాల ప్రధాన జాబితాలోకి ఆటిజం రావడానికి మాత్రం 2016 చట్టం వరకు ఆగవలసి వచ్చింది.