ముసలమ్మ కోడి – మెదడులో కారణాల వేట

చిన్నప్పుడు మనందరం విన్న కథే. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదని, తన కుంపటి లేకపోతే ఎవరి పొయ్యీ రాజుకోదని నమ్మిన ముసలమ్మ, ఊరి మీద అలిగి రెండింటినీ తీసుకుని అడవికి పోయింది. ఊరికి మామూలుగానే తెల్లవారింది. ముందు జరిగిందల్లా తర్వాతి దానికి కారణమేనా? మెదడు శాస్త్రజ్ఞులకూ ఇదే ప్రశ్న ఎదురైంది.

1924లో జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యులు హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్ తరంగాలను తొలిసారి నమోదు చేశారు. 1929లో ఆ ఫలితాలను ప్రచురించారు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి చూపాక నమ్మకం కుదిరింది. అయితే రెండు భాగాల తరంగాలు కలిసి కదులుతున్నాయని తెలిసినా, ఏది దేన్ని కదిలిస్తోందో తెలిసేది కాదు.

1956లో గణితవేత్త నార్బర్ట్ వీనర్ ఒక దారి చూపారు. రెండో సంకేతాన్ని దాని గతంతోనే అంచనా వేయాలి. మొదటిదాని గతాన్ని కూడా కలిపితే అంచనా మెరుగుపడితే, మొదటిది కారణం అనవచ్చు. దీన్ని మెదడు తరంగాలకు వాడవచ్చని ఆయనే సూచించారు. 1969లో ఆర్థికవేత్త క్లైవ్ గ్రేంజర్ దీన్ని లెక్క కట్టగల పరీక్షగా మలిచారు. ఈ పరీక్షలో ముసలమ్మ కోడి ఓడిపోతుంది. పాత సూర్యోదయ వేళలు తెలిస్తే రేపటిది చెప్పవచ్చు, కోడి కూత అదనంగా చెప్పేదేమీ లేదు.

1991లో వార్సాలో కమిన్‌స్కీ, బ్లినోవ్‌స్కా ఈ పద్ధతిని ఒకేసారి అనేక ఎలక్ట్రోడ్ల సంకేతాలకు విస్తరించారు. 2001లో బ్రెజిల్‌లో బకాలా, సమెషిమా నేరుగా వెళ్లే ప్రభావాన్ని, మరో భాగం మీదుగా వెళ్లేదాన్ని విడదీసే పద్ధతి ఇచ్చారు.

మందులకు లొంగని మూర్ఛ రోగికి ఇది ప్రాణంతో ముడిపడ్డ విషయం. మూర్ఛ ఎక్కడ మొదలై ఎటు పాకిందో తేలితేనే సర్జన్ కత్తి పట్టగలరు. ఇక్కడే ప్రమాదం ఉంది. ఎలక్ట్రోడ్ లేని మూడో చోటు నుంచి సంకేతం ఒక భాగానికి ముందు, ఇంకో భాగానికి కాస్త ఆలస్యంగా చేరితే, మొదటిదే రెండోదాన్ని నడిపిస్తున్నట్టు లెక్క చెబుతుంది. అందుకే ఈ లెక్క సాక్ష్యమే గాని తీర్పు కాదు. వైద్యులు వీడియో రికార్డింగు, ఎమ్మారై కూడా చూస్తారు. అవసరమైతే ఒక చోట స్వల్ప విద్యుత్తు పంపి ఎక్కడ స్పందన వస్తుందో గమనిస్తారు.

ముసలమ్మ కోపంతో చేసినా, చేసింది సరైన ప్రయోగమే. కోడిని తీసేసి చూస్తేనే కదా అసలు సంగతి బయటపడింది!